ఫ్రీజరుకు ఇచ్చిన మాట

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ ఉదయం ఎవరి మీదా కోపం లేకుండా నిద్రలేచారు. ఇంట్లోవాళ్ళకు అది కొంచెం కంగారు పుట్టించే విషయమే. మామూలుగా పళ్ళు తోముకోవడం పూర్తయ్యేలోపు ఆయనకు ఎవరో ఒకరి మీద కోపం రావాలి. మనుషులెవరూ దొరక్కపోతే పేస్టు ట్యూబు మీద వస్తుంది. దాన్ని మధ్యలో నొక్కిందెవరని ఇల్లంతా విచారణ జరుగుతుంది.

ఆ రోజు మాత్రం ఆయన తిన్నగా మేడ ఎక్కి, నిన్న బిగించిన సోలారు పలకలను తనివితీరా చూసుకుని దిగారు. మెట్ల పక్క గోడకు బ్యాటరీ, ఇన్వర్టరు కూడా వచ్చేశాయి. ఇక మిగిలింది ఒక్కటే పని. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏయే లైన్లు బ్యాటరీ మీద నడవాలో విడదీసి కలపాలి. అది సాయంత్రానికి అయిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు మారుస్తున్నాం కాబట్టి మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధికి కరెంటు ఉండదని కరెంటాఫీసువాళ్ళు ముందే చెప్పారు. ఆ మాట విని సంతోషించిన మనిషి వీధి మొత్తానికి మాస్టారొక్కరే.

సంతోషం ఎందుకంటే, వంటింట్లో ఆయన భార్య ఫ్రీజరు ఉంది. ఆవిడ మందుల షాపు కౌంటరులో ఉద్యోగం మానేసి ఇంట్లో ఐస్‌క్రీం చేసి అమ్ముతోంది. పనితనం ఉంది, రుచి ఉంది, కరెంటే లేదు. కిందటిసారి ఎవరింట్లోనో పుట్టినరోజుకు చేసిందంతా కరిగి నీళ్ళయి, పిల్లలందరి ముందూ నానా మాటలూ పడి వచ్చింది. ఇప్పుడు మర్నాటి సాయంత్రానికి ఒక పెద్ద ఆసుపత్రి వార్షికోత్సవం ఆర్డరు వచ్చింది. ఇది కూడా పోతే మళ్ళీ ఆ కౌంటరు వెనక నిలబడాల్సిందేనని ఆవిడ ఏడవకుండా, కూరగాయల ధర చెప్పినట్టు మామూలుగా చెప్పింది. అందుకే మాస్టారికి గట్టిగా గుచ్చుకుంది.

"నీ ఫ్రీజరు ఒక్క క్షణం ఆగదు. ఇది నా మాట!" అని ఆయన ఇంటిల్లిపాది ముందూ బల్ల గుద్ది చెప్పారు. బల్ల మీది గ్లాసు కింద పడింది. అక్కడ పెట్టిందెవరని దాని మీద ఇంకో పూట గొడవ జరిగింది.

అసలు ఆవిడ అడిగింది సోలారు కాదు. పక్కింటి చేపలాయన దగ్గర జనరేటరు ఉంది. ఆయన గదుల నిండా గాజు తొట్లు పెట్టి రంగు చేపలు పెంచి అమ్ముతాడు. కరెంటు పోతే చేపలకు గాలి అందదని జనరేటరు పెట్టుకున్నాడు. కరెంటు పోయినప్పుడు అక్కడి నుంచి ఒక వైరు లాక్కుందామని ఆవిడ ఒకసారి మెల్లగా అంటే మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. ఆ జనరేటరు మోత గురించి గోడ మీద నుంచి ఆయనతో దెబ్బలాడని కరెంటు కోత లేదు. "ఆ మోతగాడి కరెంటు నా గడప తొక్కడానికి వీల్లేదు" అన్నారు. ఇంటికి సోలారు అలా వచ్చింది, సగం ప్రేమతో, సగం పంతంతో.

ఎలక్ట్రీషియన్ తొమ్మిదింటికల్లా వచ్చాడు. మంచి పనివాడే గానీ అతనికి ఒక జబ్బు ఉంది. ఎవరేం చెప్పినా "అలాగేనండీ" అంటాడు. కాదనడం అతని నోటికి చేతకాదు. అందుకని ఊళ్ళో అతన్ని అందరూ అలాగేనండి అనే పిలుస్తారు.

"ఫ్యాన్లు, లైట్లు, ఫ్రీజరు. అంతే. ఇంకో సూది కూడా బ్యాటరీ మీద పెట్టకు" అన్నారు మాస్టారు.

"అలాగేనండీ. ఎందుకంటే సార్, బరువైనవి ఒకేసారి పడితే ఇది మోయ..."

"నాకు పాఠాలు చెప్పకు. మధ్యలో వచ్చి సార్ ఇలా, సార్ అలా అని నా బుర్ర తినకు. చెప్పింది చెయ్యి."

"అలాగేనండీ."

మాస్టారి కుడికాలు నేలను గట్టిగా నొక్కింది. ఏళ్ళ తరబడి నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు తొక్కీ తొక్కీ ఆయనకు అలా అలవాటైపోయింది. ఎవరైనా మాటకు అడ్డొస్తే చాలు, కాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది. కారు ఆగినట్టే మనుషులూ ఆగుతారని ఆయన నమ్మకం. నిజానికి ఆ ఇంట్లో ఎవరూ ఆగరు. ఆయనకు కనబడని సందులోంచి వెళ్ళిపోతారు.

ముందుగా వెళ్ళింది ఆయన కన్నతల్లి. పెద్దావిడ తన గది తలుపు ఓరగా తెరిచి, "బాబూ, ఒకసారి ఇలా రా. ఈ బల్బు చూడు" అని అలాగేనండిని పిలిచింది. బల్బు బాగానే ఉంది. ఆవిడ గొంతు తగ్గించింది. "నా ఏసీ కూడా అందులో కలిపెయ్ నాయనా. వాడికి చెప్పకు. చెబితే పెంకులెగిరిపోతాయి. ముసలిదాన్ని, ఒక్క ఏసీకి బరువైపోతానా?"

"అలాగేనండీ అమ్మగారూ."

తర్వాత మేడ మీది గదిలో ఉండే బామ్మర్ది. అతను ఉద్యోగానికి వెళ్ళడు, బజారుకు వెళ్ళడు, కానీ రోజూ ట్రెడ్‌మిల్ మీద గంటసేపు పరిగెడతాడు. ఎక్కడికీ చేరని ఆ పరుగు మీద మాస్టారికి విడిగా ఒక కోపం ఉంది. "అన్నా, నా మిషను ఒక్కటి చూస్కో. బావకి తెలిస్తే నన్నూ దాన్నీ కలిపి బయట పడేస్తాడు" అన్నాడు బామ్మర్ది.

"అలాగేనండీ."

ఇల్లు ఇలా గుసగుసలాడుతుండగా మాస్టారేం చేస్తున్నారయ్యా అంటే, అలాగేనండి మేడ మీదికి వచ్చినప్పుడు నీళ్ళ ట్యాంకు చాటున కాపు కాసి ఉన్నారు. ఆయనకు వేడినీళ్ళు లేనిదే స్నానం స్నానం కాదు. అది కోరిక కాదు, అవసరం. పైగా ఇంటి యజమాని అడిగేది మిగతావాళ్ళు అడిగేదాని లెక్కలోకి రాదు.

"చూడూ, గీజరు కూడా కలిపెయ్. పది నిమిషాలేగా. ఇంట్లో ఎవరికీ చెప్పకు, ఒకరిని చూసి ఒకరు మొదలుపెడతారు."

అలాగేనండి నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "సార్, ఒక మాట..."

"చెప్పొద్దన్నానా?"

"అలాగేనండీ."

మధ్యాహ్నం అలాగేనండి వంటింట్లో ఫ్రీజరు దగ్గర పని చేస్తుంటే మాస్టారి భార్య అతనికి టీ ఇచ్చి నిలబడింది. తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపల వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక ఆవిడ ముఖంలో నవ్వూ లేదు, బాధా లేదు. సాయంత్రం ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి పక్కింటివైపు ఏదో మాట్లాడుతుంటే మాస్టారు చూశారు గానీ, చేపల ధర అడుగుతోందేమో అనుకున్నారు. తన ఇంట్లో చేపలు పెంచాలన్న ఆలోచన ఎవరికైనా ఉందేమోనని అప్పటికప్పుడే కొంచెం కోపం కూడా తెచ్చుకున్నారు.

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి. ఫ్రీజరు గురించి" అంది ఆవిడ అన్నాల దగ్గర.

"ఫ్రీజరు గురించైతే చెప్పకు. మాటిచ్చానా లేదా? నా మాట మీద నీకు నమ్మకం లేదా?"

"అది కాదండీ..."

"లేదనే కదా అర్థం!"

బల్ల కింద బ్రేకు పడింది. ఆవిడ మంచినీళ్ళు తాగి లేచిపోయింది.

మర్నాడు చెప్పిన వేళకు కరెంటు పోయింది. అప్పటికి మాస్టారు స్నానాల గదిలో ఒళ్ళంతా సబ్బుతో నిలబడి ఉన్నారు. కావాలనే ఆ వేళకు స్నానం పెట్టుకున్నారు. వీధి మొత్తం ఉసూరుమంటుంటే తాను పొగలు కక్కే నీళ్ళ కింద నిలబడాలని ఆయన ముచ్చట. లైటు ఒక్క రెప్పపాటు ఆరి మళ్ళీ వెలిగింది. ఆయన గుండె పొంగింది. పక్కనున్న గీజరు మీట నొక్కారు.

సరిగ్గా అప్పుడే కింది గదిలో పెద్దావిడ, మంచి రోజులు తనకొక్కదానికే వచ్చాయన్న ధీమాతో ఏసీ వేసుకుంది. పైన బామ్మర్ది, బావ బాత్రూములో ఉన్నాడు గనక ఇంతకన్నా అదను దొరకదని ట్రెడ్‌మిల్ ఎక్కాడు.

మెట్ల దగ్గర 'టక్' మంది. ఇల్లు మొత్తం ఆరిపోయింది. నడుస్తున్న పట్టా ఉన్నట్టుండి ఆగిపోవడంతో బామ్మర్ది ముందుకు వెళ్ళి గోడను కౌగిలించుకున్నాడు. ఆ చప్పుడు అణగకముందే పక్కింట్లో జనరేటరు దడదడమని లేచింది. తననే వెక్కిరిస్తున్నట్టు అనిపించింది మాస్టారికి.

ఆయన తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో నురగతో మెట్ల దగ్గరికి వచ్చారు. ఇన్వర్టరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. పక్కనే మెయిన్ స్విచ్చు పిడి ఉంది. దాన్ని ఎటు తిప్పాలో దాని మీదే రాసుంది. కోపం వచ్చినవాడు రాసింది చదువుతాడా? పట్టుకుని ఒక్క లాగు లాగారు. పిడి చేతిలోకి వచ్చేసింది.

"ఒరేయ్, ఏం చేశావురా?" అంది తల్లి గదిలోంచి తొంగిచూసి.

"నేనేం చేశాను? అదే ఊడింది!" అని అరిచారు మాస్టారు. అప్పుడు గుర్తొచ్చింది ఫ్రీజరు. కరిగిపోయిన డబ్బాలు, మందుల షాపు కౌంటరు, దాని వెనక తన భార్య, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. పిడి పట్టుకునే వంటింట్లోకి పరిగెత్తారు.

ఫ్రీజరు నడుస్తోంది. చేయి వేసి చూశారు, సన్నగా అదురుతోంది. పచ్చదీపం కూడా వెలుగుతోంది.

"చూశావా! ఇల్లు మొత్తం ఆరిపోయినా నీ ఫ్రీజరు ఆరలేదు. నేను మాటిస్తే అలా ఉంటుంది!"

"ఏమండీ, అది..." అంది భార్య.

"ఇంకేం మాట్లాడకు. నీ పని నువ్వు చూసుకో. ఈ ఇంటికి ద్రోహం చేసిందెవరో నేను తేలుస్తాను."

ఫోను చేసిన కాసేపటికే అలాగేనండి వచ్చాడు. మాస్టారు లుంగీ కట్టుకుని, పిడిని మాత్రం చేతిలోంచి వదలకుండా, హాల్లో అందరినీ నిలబెట్టారు. అలాగేనండి ముందుగా పిడిని చూసి నాలుక కరుచుకున్నాడు. "ఇది కొత్తది తేవాలండీ. రేపటికి గానీ దొరకదు. అందాకా బ్యాటరీలో ఉన్నది బయటికి రాదండీ."

"అది తర్వాత. నేను ఫ్యాన్లు, లైట్లు, ఫ్రీజరు అన్నాను. ఇది ఎందుకు పడిపోయింది? నా వెనకాల ఎవరెవరు నీకేం చెప్పారో ఒక్కటి కూడా దాచకుండా అందరి ముందూ చెప్పు!"

"అందరివీ చెప్పమంటారా సార్?"

"అందరివీ!"

"అలాగేనండీ. అమ్మగారు ఏసీ అన్నారండీ."

"అమ్మా! నువ్వా?" మాస్టారి గొంతు ఆకాశాన్నంటింది. "కన్నతల్లివి! నీక్కూడా దొంగతనంగా చెప్పాల్సిన ఖర్మేమిటి?"

"ఎదురుగా చెబితే వింటావా ఏమిట్రా?" అంది పెద్దావిడ.

"మేడమ్ గారి తమ్ముడు ట్రెడ్‌మిల్ అన్నారండీ."

"అనుకున్నాను! ఈ ఇంట్లో తిని, ఈ ఇంట్లో పడుకుని, ఈ ఇంటి బ్యాటరీకే చిల్లు పెడతావా?" బామ్మర్ది నుదుటి మీది బొప్పి తడుముకుంటూ నేల చూపులు చూశాడు. మాస్టారు ఊపందుకున్నారు. నమ్మకం అన్నారు, క్రమశిక్షణ అన్నారు, ఒక్క మనిషి స్వార్థానికి ఇల్లు మొత్తం చీకటైందన్నారు. కుడికాలు ఎంత గట్టిగా నొక్కారంటే బండి నిజంగా ఉంటే వెనకవాళ్ళందరూ ముందుకొచ్చి పడేవాళ్ళు. ఆఖర్న, "అంతేనా? ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని గర్జించారు.

అడిగాక గుర్తొచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. కొంచెం సబ్బు ఇంకా అక్కడే ఉంది.

"తమరి గీజరండీ" అన్నాడు అలాగేనండి.

బామ్మర్ది బొప్పి మీంచి చెయ్యి తీసి బావ వంక మొదటిసారి తల ఎత్తి చూశాడు. "గీజరా?" అంది తల్లి. ఆ ఒక్క మాటలో ఆవిడ కొడుకుని పెంచిన ఏళ్ళన్నీ వినిపించాయి.

"ఇంకా మేడమ్ గారు ఏమన్నారంటేనండీ..."

"చాలు! నోరు ముయ్యి!"

"అలాగేనండీ."

సిగ్గు పడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం మాస్టారికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ కోపం ఎక్కడికి పోవాలా అని హాలంతా వెతికింది. తల్లి మీదికి పోలేదు, బామ్మర్ది మీదికి పోవడానికి ఇక మొహం లేదు. అప్పుడు చెవిలో పడింది, ఇందాకటి నుంచీ దడదడమంటున్న పక్కింటి మోత. అమ్మయ్య, దొరికింది.

"ఈ మోతలో మనిషి మాట మనిషికి వినబడి చస్తుందా? అన్నిటికీ కారణం ఇదే!" అంటూ ఆయన పెరట్లోకి దూకినట్టే వెళ్ళి, గోడ మీదికి తలెత్తి అరిచారు. "ఏమండోయ్! ఆపండి ఆ జనరేటరు!"

చేపలాయన బనీను మీదే వచ్చాడు. చేతిలో చిన్న వల ఉంది. "ఏం మాస్టారూ?"

"ఆపమంటున్నాను! వీధిలో మనుషులు బతకాలా వద్దా?"

చేపలాయన ఒకసారి గోడ వంక, ఒకసారి మాస్టారింటి వంటింటి కిటికీ వంక చూశాడు. "మీకన్నీ తెలిసే ఆపమంటున్నారా?"

"తెలిసే! నాకేం తెలీదనుకుంటున్నారా? ఇప్పుడే ఆపాలి!"

"మేడమ్ గారు కూడా సరేనన్నారా?"

"మా ఇంట్లో నా మాటే మాట!"

"మీ ఇష్టమండీ. నా చేపలు కాసేపు ఓర్చుకుంటాయి" అని చేపలాయన లోపలికి వెళ్ళాడు. దడదడ ఆగిపోయింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆ గోడ మీద మాస్టారు గెలిచారు. ఛాతీ విరుచుకుని వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది.

"ఫ్రీజరు ఆగిపోయిందండీ" అంది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. ఆవిడ కిటికీ వైపు చెయ్యి చూపించింది. కిటికీ ఊచల మధ్య నుంచి నల్లటి వైరు ఒకటి బయటికి వచ్చి, గోడ వారగా పాకి, గోడెక్కి, పక్కింట్లోకి దిగింది. మాస్టారు ఇందాక గోడ మీద ఎక్కడ చెయ్యి పెట్టి అరిచారో, దాని పక్కనుంచే పోయింది.

"నిన్న వాళ్ళందరూ ఆ అబ్బాయిని చాటుకు పిలవడం చూశాను. ట్యాంకు వెనక మిమ్మల్ని కూడా చూశాను, బట్టలు తీయడానికి వచ్చి. ఈ బ్యాటరీ ఎంత మోస్తుందని అతన్ని అడిగాను. అడిగితే చెప్పాడు. ఈ ఇంట్లో అతన్ని అడిగింది నేనొక్కదాన్నే అట. అందుకే నా ఫ్రీజరు బ్యాటరీ మీంచి తీసెయ్యమన్నాను. దాన్ని నమ్ముకుని కూర్చుంటే సాయంత్రానికి ఏమవుతుందో నాకు తెలుసు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అన్నారు మాస్టారు. గొంతు పెద్దదే గానీ అందులో పస లేదు.

"ఎన్నిసార్లు చెప్పబోయానో లెక్కపెట్టుకోండి. నాకూ కోపం వస్తుందండీ. మీకు వచ్చినంతే వస్తుంది. కానీ ఇద్దరం అరిస్తే నా పని ఎవరు చూస్తారని మింగుతాను." ఆవిడ వైరు వంక ఒకసారి చూసింది. "మొగుడికి ఒక మాట చెప్పడం కన్నా, మీరు రోజూ తిట్టే ఆ పెద్దమనిషికి చెప్పడం నాకు తేలికైంది. అదీ మన కాపురం. ఇప్పుడది కూడా మీరే ఆపేయించారు. ఇక మందుల షాపుకి ఫోను చేసుకోనా?"

మాస్టారి కుడికాలు కదల్లేదు. కాళ్ళ కింద బ్రేకు లేని బండిలో కూర్చున్నట్టుంది ఆయనకు. కోపం కోసం లోపల ఎంత వెతికినా దొరకలేదు. దొరికిందల్లా తన మీదే. అది కొత్త కోపం, ఎలా వాడాలో తెలియలేదు. చివరికి పిడిని కిటికీ గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, గోడ మీంచి కాకుండా గేటు తిప్పుకుని పక్కింటికి వెళ్ళారు.

చేపలాయన తలుపు తీశాడు.

"అదీ... ఆ జనరేటరు... కొంచెం మళ్ళీ..." అన్నారు మాస్టారు.

"మరి మోత?"

"ఉండనివ్వండి."

"నాకు భుజం పట్టేసిందండీ మాస్టారూ. ఇందాక లాగినప్పుడే కలుక్కుమంది. తాడు మీరే లాగాలి."

మాస్టారు వంగి తాడు పట్టుకున్నారు. లాగారు, ఉలకలేదు. మళ్ళీ లాగారు, దగ్గి ఊరుకుంది. అరవబోయి నోరు మూసుకున్నారు. గోడ అవతల కిటికీలో భార్య ఫ్రీజరు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఈసారి ఆయన ఒళ్ళంతా బలం పెట్టి లాగారు. మొహం నిండా నల్లటి పొగ కొట్టి, జనరేటరు దడదడమని అందుకుంది. కాసేపటికి కిటికీలో ఆవిడ చెయ్యి తీసి తల ఊపింది. ఊపి, వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. నవ్వలేదు. సాయంత్రం దాకా నవ్వే ఉద్దేశం కూడా ఉన్నట్టు లేదు.

మాస్టారు ఇంటికి పోకుండా ఆ మోత పక్కనే ఒక ముక్కాలి పీట మీద కూర్చున్నారు. మధ్యలో ఆగితే మళ్ళీ తాడు లాగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. పోయినసారి కరిగిన ఐస్‌క్రీం డబ్బాలను ఆవిడ ఒంటరిగా కడుక్కుంటుంటే తాను హాల్లో కూర్చుని ఆఫీసువాళ్ళను తిట్టిన సంగతి ఆయనకు అక్కడ కూర్చున్నప్పుడే గుర్తొచ్చింది. చేపలాయన ఆయనకు మొహం తుడుచుకోమని ఒక గుడ్డ ఇచ్చి, పక్కన నిలబడి, మర్యాదకు ఏదో ఒకటి మాట్లాడాలి గనక అడిగాడు.

"మీ బ్యాటరీలో చార్జింగు ఎంతుంది మాస్టారూ?"

"నిండుగా ఉందండీ" అన్నారు మాస్టారు.

జనరేటరు మోతలో అది చేపలాయనకు వినబడలేదు, అందువల్ల ఇంకోసారి వీధి వీధంతా వినబడేలా చెప్పాల్సి వచ్చింది.